మాస్టర్ ప్లాన్‌లో మా సర్వే నంబరు

మా ఊరు 2018లో మునిసిపాలిటీలో కలిసింది. ఆ ఏడు తెలంగాణలో 68 కొత్త మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. అప్పటికే ఉన్న పట్టణాల్లో కూడా చుట్టుపక్కల ఊర్లను కలిపారు. మాది ఈ రెండో లెక్క. సర్పంచ్ పోయి వార్డు కౌన్సిలర్ వచ్చాడు. పంచాయతీ ఆఫీసుకు రంగు వేసి వార్డు ఆఫీసు అన్నారు. ఉపాధి హామీ గ్రామాలకే కాబట్టి ఆ పని బందయింది. విలీనం వద్దని గట్టిగా కొట్లాడింది ఆ కూలీలే. భూములున్న మేము పెద్దగా నోరు మెదపలేదు. ఇక ఎకరాల్లో కాదు, గజాల్లో ధర పలుకుతుందన్న ఆశ మా వాళ్లందరిలో ఉండింది.

సరిహద్దు జరిగితే దాని వెనక ఇంకేం వస్తుందో అప్పుడు ఎవరూ చెప్పలేదు. పట్టణానికి ఉన్న పాత మాస్టర్ ప్లాన్‌లో మా ఊరు లేదు. అంటే మా పొలాలకు ఏ జోనూ లేదు. కొత్తగా కలిసిన ఊర్లన్నిటినీ చేర్చి రాబోయే ఇరవై ఏళ్లకు కొత్త ప్లాను గీయాలి. ఏ భూమిలో ఇళ్లు, ఏ భూమిలో ఫ్యాక్టరీలు, రింగురోడ్డు ఎటునుంచి ఎటు, ఏది పచ్చగా మిగలాలి, ఇవన్నీ అందులో తేలుతాయి. ఆ పని ఒక కన్సల్టెన్సీకి అప్పజెప్పారు. వాళ్లు మా ఊరికి వచ్చిన దాఖలా మాత్రం ఎవరికీ గుర్తులేదు.

డ్రాఫ్టు వచ్చిందన్న సంగతి మాకు పేపరు చూసి తెలియలేదు. ప్రకటన వేశారు, నిజమే. జిల్లా ఎడిషన్‌లో టెండర్ల పక్కన చిన్న అక్షరాలతో ఉన్న ఆ ముక్కను తర్వాత నేనే వెతికి కత్తిరించి పెట్టుకున్నాను. మాకు చెప్పింది రియల్ ఎస్టేట్ చేసే ఒకాయన. పక్క పొలం బేరానికి వచ్చి, "మీ నంబర్ల రోడ్డు పోతుంది, నాకొద్దు" అని బాపుతో అన్నాడట. ఆ రాత్రి బాపు ఫోన్ చేశాడు. "మన పొలం నడిమిట్లకెళ్లి వంద ఫీట్ల రోడ్డట బిడ్డా. నువ్వు జర ఆఫీసుకు పోయి చూసిరా."

నేను అదే పట్టణంలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఆఫీసులతో పని పడితే ఇంట్లో నా పేరే వస్తుంది.

మునిసిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ గది ముందు వరండాలో ఆ మ్యాపు గోడకు కొట్టి ఉంది. దాని ముందు ఎప్పుడు చూసినా పది మంది. అందులో ఏ రంగు దేనికో చెప్పేవాళ్లు లేరు. పసుపు నివాసానికి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ, ప్రజా అవసరాలకు, ముదురు ఆకుపచ్చ పార్కులకు, లేత ఆకుపచ్చ సాగుకు. ఒక ముసలాయన తన పొలం ముదురు ఆకుపచ్చలో ఉందని చూసుకుని, "మనది పచ్చగనే పెట్టిండ్రు, మంచిగైంది" అని వెళ్లిపోబోతుంటే ఆపాల్సి వచ్చింది. అది సాగు పచ్చ కాదు, పార్కు పచ్చ. అంటే భూమి ఆయన పేరు మీదే ఉంటుంది, కానీ రేపు కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే పర్మిషన్ రాదు. కొనేవాడు దొరకడు. ప్రభుత్వం కొనుక్కుంటుందా అంటే దానికి తారీకు లేదు.

గోడ మీది మ్యాపులో సర్వే నంబర్లు ఈగ రెక్కలంత ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే మసకబారింది. సాఫ్ట్ కాపీ అడిగితే వెబ్‌సైట్‌లో ఉందన్నారు. అక్కడున్నది ఇంకా మసక. చివరికి మా ఊరి భాగం మటుకు పెద్ద షీటు మీద ప్రింటు కావాలని అర్జీ రాసిచ్చి, ఫీజు కట్టి తెచ్చుకున్నాను. ఈ పని చేయకుండా ముందుకు పోవద్దని అప్పటినుంచి ఎవరు అడిగినా చెప్తున్నాను. కాగితం చేతిలో లేకుండా "మా భూమి పోతోంది" అంటే అవతల వినేవాడికి అది ఏడుపే, అభ్యంతరం కాదు.

ఇంట్లో మంచం మీద ప్రింటు పరిచి, పక్కన తహసీల్దారు ఆఫీసునుంచి తెచ్చిన గ్రామ నక్ష పెట్టుకుని కూర్చున్నాం. మాది మూడెకరాల పది గుంటలు. స్కేలు పెట్టి కొలిస్తే రోడ్డు గీత మా చెలకలో దాదాపు 400 అడుగులు నడుస్తోంది. వెడల్పు 100. నలభై వేల చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగుల లెక్కన 37 గుంటలకు కొంచెం తక్కువ. ఎకరానికి మూడు గుంటలే కొరత. అదీ ఒక అంచున కాదు, నడిమిట్ల. బోరు ఒకవైపు, వరి మడులు ఇంకోవైపు. బాపు ఆ లెక్క విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి పైసలెప్పుడిస్తరట?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైంది. ప్లానులో గీత పడగానే భూసేకరణ మొదలైనట్టు కాదు. సేకరించాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం వేరే నోటిఫికేషన్, వేరే విచారణ, పరిహారం ఉంటాయి. అవి ఐదేళ్లకు రావచ్చు, పదిహేనేళ్లకు రావచ్చు. ఈలోపు ఆ పొలంలో ఇంటికో లేఅవుట్‌కో పర్మిషన్ అడిగితే, రోడ్డులోకి పోయే జాగ ముందు వదిలిపెట్టమంటారు. దానికి బదులు టీడీఆర్ అని ఒక పత్రం ఇస్తారు. పోయిన జాగ బదులుగా ఇంకోచోట అదనపు అంతస్తులు వేసుకునే హక్కు అది, వాడుకోనివాళ్లు బిల్డర్లకు అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో దానికి గిరాకీ ఉంటుందేమో. రెండంతస్తులు దాటని మా పట్టణంలో ఆ పత్రం కొనేదెవరు? అందుకే డబ్బు సంగతి తర్వాత, ముందు గీత సంగతి చూడాలని నేను తేల్చుకున్నాను.

అప్పటికి ఊళ్లో నాలుగు రకాల మాటలు నడుస్తున్నాయి. కామారెడ్డి అందరి నోళ్లలో ఉంది. అక్కడ 2022 నవంబరులో డ్రాఫ్టు వచ్చింది. సాగు భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారని, వంద ఫీట్ల రోడ్లు పొలాల మీదుగా వేశారని చుట్టుపక్కల ఊర్ల రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేట్ ముట్టడి, బంద్, హైకోర్టులో కేసు దాకా పోయింది. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అప్పుడే అలాగే జరిగింది. కాబట్టి మా దగ్గర కూడా ధర్నా చేస్తే చాలు, ప్లాను వాపసు పోతుందని కుర్రాళ్ల మాట. కౌన్సిలర్ మాట ఇంకోలా ఉంది: "ఇది డ్రాఫ్టే కదా, ఫైనల్‌ల చూసుకుందాం." పట్టణంలో ఒక ఏజెంటు, ఫలానా రేటు ఇస్తే రంగు మార్పిస్తానని తిరుగుతున్నాడు. ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు కూడా ఇచ్చారు.

ఇక నాలుగో మాట మా చిన్నాయనది. "నాకేం భయం లేదు, నేను నాలా చేయించుకున్న."

ఇది చాలామందికి ఉన్న నమ్మకం కాబట్టి కొంచెం ఆగి రాస్తాను. చిన్నాయన రోడ్డు పక్క ఇరవై గుంటలను అప్పటి భూరికార్డుల వెబ్‌సైట్ ధరణిలో స్లాట్ బుక్ చేసుకుని, ఫీజు కట్టి, వ్యవసాయేతర భూమిగా మార్పించుకున్నాడు. చేతిలో ప్రొసీడింగ్ కాపీ ఉంది. ఆయన దృష్టిలో ఆ భూమి ఇక ఇళ్ల జాగ. కానీ నాలా అనే ఈ మార్పిడి రెవెన్యూ శాఖ పని. ఈ భూమిలో ఇక సాగు చేయరు అని వాళ్ల రికార్డులో రాసుకోవడం వరకే. ఆ భూమిలో ఏం కట్టొచ్చన్నది మాస్టర్ ప్లాన్‌లో దాని జోను చెప్తుంది. అది టౌన్ ప్లానింగ్ వాళ్ల పని. ఒకరి కాగితం ఇంకొకరిని కట్టిపడేయదు. జోను మారాలంటే భూ వినియోగ మార్పిడి అనే వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. పాస్‌బుక్కు, లింకు డాక్యుమెంట్లు, భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, తహసీల్దారు ఇచ్చిన సర్వే స్కెచ్, చుట్టుపక్కల ఏమున్నాయో చూపే టోపో ప్లాను పెట్టాలి. ఫైలు కింద నుంచి డీటీసీపీకి, అంటే రాష్ట్ర టౌన్ ప్లానింగ్ డైరెక్టరేట్‌కు, అక్కడినుంచి సెక్రటేరియట్‌కు పోతుంది. అభ్యంతరాలు పిలుస్తారు, ఛార్జీలు కట్టించుకుంటారు, చివరికి ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వాలి. ఒక్క ఎకరం రంగు మారడానికి ఇంత తతంగం. అదే డ్రాఫ్టు మీద అభ్యంతరాలు తీసుకునే రోజుల్లో ఒక అర్జీతో అడగొచ్చు. ఇది చిన్నాయనకు చెప్తే మొదట నమ్మలేదు. ఆ ఇరవై గుంటలు పరిశ్రమల ఊదారంగులో ఉన్నాయని ప్రింటులో వేలు పెట్టి చూపించాక కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అభ్యంతరాలకు ఇచ్చింది 60 రోజులు. మాకు తెలిసేసరికి అందులో సగం పోయాయి. మా పట్టణానికి ఇప్పటికీ వర్తించేది 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో చేసింది. నిజాం నేల మీదున్న మా చెలకను బ్రిటిష్ వాళ్ల చట్టం ఏలుతోందని కాలేజీ స్టాఫ్ రూములో అంటే మా చరిత్ర సార్ తెగ నవ్వాడు. దానికి తోడు 2019 నాటి మునిసిపల్ చట్టం ఉంది. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ఉన్న ఊర్లకైతే 1975 చట్టం వేరే.

మొదట టౌన్ ప్లానింగ్ ఆఫీసరును కలిసినప్పుడు ఆయన టేబులు మీద అర్జీల కట్ట ఉంది. పైనుంచి నాలుగు తీసి చూపించాడు. అన్నీ ఒకే జిరాక్సు. "మా భూములు పోతే మాకు చావే దిక్కు, దయచేసి న్యాయం చేయగలరు." కింద సంతకాలు, వేలిముద్రలు. సర్వే నంబరు లేదు. "మేడం, వీళ్ల బాధ నాకు అర్థమైతది. కానీ రిమార్క్స్ కాలమ్‌ల నేనేం రాయాలె? ఏ గీత తప్పో, ఎందుకు తప్పో, ఎటు జరపాల్నో చెప్తే పైకి రాసి పంపుత." ఆ రోజు నాకు ఆయన మీద కోపమే వచ్చింది. రోడ్డు గీసేటప్పుడు కారణం రాయనివాళ్లు, వద్దనేవాళ్లను మాత్రం కారణం అడుగుతున్నారు. అయినా ఆయన చెప్పినదాంట్లో పని జరిగే దారి ఉంది.

ఆ దారి దొరికింది గ్రామ నక్షలో. మా పొలానికి పడమట దిక్కున, రెండు నంబర్ల అవతల, ఊరు పుట్టినప్పటినుంచి ఉన్న బండ్ల బాట ఉంది. నక్షలో రెండు చుక్కల గీతలతో స్పష్టంగా చూపించారు. హైవే నుంచి మొదలై చెరువు అలుగు దాటి పక్క ఊరికి కలుస్తుంది. కన్సల్టెన్సీ గీసిన రోడ్డు కూడా ఆ రెండు చోట్లనే కలపాలి. ఉన్న బాటను వెడల్పు చేయకుండా పంట పొలాల మధ్య కొత్తది ఎందుకు? ఎంత ఆలోచించినా ఒక్కటే తోచింది: ఉపగ్రహ చిత్రంలో బాట కనిపించలేదు. రెండు వైపులా తుమ్మలు, యాపలు కమ్ముకుని పైనుంచి చూస్తే చెట్ల వరుసలా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. నక్షను ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టినప్పుడు అది కొంచెం తూర్పుకు జరిగింది. మ్యాపులో చెరువు కట్ట మీద ఒక సర్వే నంబరు ఉంది. నిజానికి అది కట్టకు ఇవతల ఉంటుంది. అది జరిగిందంటే మిగతావీ జరిగినట్టే. సర్వేయరును పట్టుకుని, టీపన్ (పాత సర్వే కొలతల కాగితం) తీయించి, మూడు రాళ్ల దగ్గర కొలిపించి ఆ తేడాను కాగితం మీద పెట్టించాం. ఆ సర్వేయరు పని తెలిసినవాడు, మాట తక్కువ. గొలుసు పట్టడానికి ఊరు ఊరంతా వచ్చింది.

అక్కడినుంచి ధర్నా మాట తగ్గి అర్జీల పని ఊపందుకుంది. కుల సంఘం భవనంలో సాయంత్రాలు కూర్చునేవాళ్లం. ఒక్కో రైతుకు ఒక్కో అర్జీ: సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడు అందులో ఏముంది, డ్రాఫ్టులో ఏమని పెట్టారు, మేము ఏమని పెట్టమంటున్నాం, ఎందుకు. వెనక పాస్‌బుక్కు కాపీ, పొలం ఫొటోలు, బోరు కరెంటు బిల్లు. వీటికి తోడు అందరం కలిసి ఒక ఉమ్మడి అర్జీ. అందులో రోడ్డు వద్దనలేదు. బండ్ల బాట మీదుగా వేయమన్నాం. ఈ మాట మీద చాలా రాద్దాంతం అయింది. "రోడ్డే వద్దనాలె, మనమే దారి చూపిస్తే ఒప్పుకున్నట్టు గాదా?" అని కుర్రాళ్ల వాదన. నాకైతే పట్టణం పెరగడం ఆగదనే అనిపించింది. కామారెడ్డిలో ముసాయిదా ఆగిన మాట నిజం. కానీ కొత్త ప్లాను ఆగితే పాతది నడుస్తుంది, పాత దాంట్లో మేము లేనే లేము. జోను లేని భూములకు ఇల్లు పర్మిషన్ కోసం ఇప్పటికే ఊళ్లో సగం మంది తిరుగుతున్నారు.

హైవే పక్క భూములున్న కొందరు మా సంతకాల్లో చేరలేదు. వాళ్లకు వచ్చింది నీలం రంగు, వ్యాపార జోను. ప్లాను కదిలితే ఆ నీలం పోతుందేమోనని వాళ్ల భయం. నిన్నటిదాకా ఒకే నీటికాలువ మీద పారిన పొలాలు. రంగులు పడ్డాక పెళ్లి పిలుపుల్లో కూడా తేడా వచ్చింది.

అర్జీలు ఇచ్చేటప్పుడు ప్రతిదానికీ రెండో కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం. క్లర్కు విసుక్కున్నాడు. కట్టంతా కలిపి ఒకటే నంబరు వేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. కట్టకు ఒక నంబరు పడితే అది ఒక అభ్యంతరమే అవుతుంది. విడివిడిగా పడితే ప్రతిదానికీ జవాబు రాయాలి.

విచారణ అన్నది నేననుకున్నంత పెద్దగా లేదు. మునిసిపల్ మీటింగ్ హాల్లో బల్లల వెనక కమిషనర్, టౌన్ ప్లానింగ్ వాళ్లు, కన్సల్టెన్సీ తరపున ల్యాప్‌టాప్‌తో ఒక కుర్రాడు. పేరు పిలిచి, మూడు నాలుగు నిమిషాలు విని, పంపించేస్తున్నారు. మా వంతు వచ్చినప్పుడు బండ్ల బాట ఫొటోలు, నక్ష, సర్వేయరు స్కెచ్ వరసగా పెట్టాం. ల్యాప్‌టాప్ కుర్రాడు, ఆ బాట చెరువు పక్కనుంచి పోతుంది కాబట్టి ఎఫ్‌టీఎల్ బఫర్‌లో, అంటే చెరువు నిండినప్పటి నీటి హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగలో పడుతుందన్నాడు. ఇది అడుగుతారని ముందే అనుకున్నాం. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ అని 2012 నాటి జీఓ 168లో ఉంది. మాది చిన్న చెరువు. అలుగు దగ్గర ఒక్కచోట తప్ప బాట బఫర్‌కు బయటే ఉందని స్కెచ్‌లో చూపించాం. కమిషనర్ ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకుని, కుర్రాడిని అడిగాడు: "సైట్‌కు పోయిండ్రా?" ఆ కుర్రాడు జవాబివ్వలేదు. పాపం, గీసింది అతను కాదు. ఎక్కడో పెద్ద ఆఫీసులో కూర్చున్నవాళ్లు గీస్తే ఇక్కడ నిలబడింది అతను.

బయటికి వచ్చాక బాపు ఒకటే అడిగాడు: "గెలిచినమా?" ఇందులో తీర్పు అప్పటికప్పుడు రాదని, రిమార్కులతో కౌన్సిల్‌కు పోయి, తీర్మానమై, డీటీసీపీకి, ప్రభుత్వానికి పోవాలని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. కోర్టయితే వాయిదా తారీకన్నా ఇస్తారు కదా అన్నాడు.

మా అర్జీల మీద ఏం రాశారో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మొదటి జవాబు "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క ముక్క. అప్పీలుకు పోతే రిమార్కుల పట్టిక కాపీ ఇచ్చారు. సర్వే నంబరు లేని జిరాక్సు అర్జీలన్నిటి ఎదురుగా "సాధారణ స్వభావం గలది, నమోదు చేయడమైనది" అని ఉంది. మా వాటి ఎదురుగా "క్షేత్ర పరిశీలన చేయదగినది." పార్కు పచ్చలో పడ్డ ముసలాయన అర్జీకి మంచి జవాబు వచ్చింది. పక్కనే సర్కారు భూమి ఖాళీగా ఉంటే పట్టా భూమిలో పార్కు ఎందుకని ఆయనతో రాయించాం. దాన్ని ఒప్పుకుని సాగు జోనుకు సిఫారసు చేశారు. చిన్నాయన ఇరవై గుంటల ఊదా రంగు మాత్రం కదల్లేదు. ఆ ఒక్క ముక్కకు నివాసం ఇస్తే పక్కవాళ్లకూ ఇవ్వాలన్నారు. అందులో న్యాయం ఉందనే అనుకుంటాను, ఆయన ముందు మాత్రం అనను. రంగు మారుస్తానన్న ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బిచ్చినవాళ్ల రంగులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

క్షేత్ర పరిశీలన జరిగింది. కౌన్సిల్ తీర్మానంలో మా ఊరి వరకు రోడ్డు బండ్ల బాట మీదికి జరిగింది, వెడల్పు 60 అడుగులకు తగ్గింది. మా పొలంలో ఇప్పుడు గీత లేదు.

కానీ ఆ గీత ఆకాశంలోకి పోలేదు కదా. బాటకు రెండు వైపులా ఉన్నవాళ్ల మీదికి జరిగింది. వాళ్లలో చాలామంది మా ఉమ్మడి అర్జీలో సంతకం పెట్టినవాళ్లే, అంచున రెండు మూడు గుంటలు పోయినా ముందు రోడ్డు వస్తుందని లెక్కేసుకున్నారు. ఒక్కామె మాత్రం లెక్కలో లేదు. భర్త పోయాక కూతురి దగ్గర నిజామాబాద్‌లో ఉంటోంది. ఇరవై ఐదు గుంటల చిన్న ముక్క, అలుగు దగ్గర బాట వంపు తిరిగే చోట. ఆ వంపును సరిచేయడానికి రోడ్డు ఆమె ముక్కలోంచి కోసుకుపోతోంది. మీటింగులకు ఆమెను ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేదు. విషయం తెలిసి ఊరికి వచ్చి నేరుగా మా ఇంటికే వచ్చింది. "నీ బాపు పొలం కాపాడుకున్నవ్, మంచిదే. నాది రాసిచ్చినప్పుడు నన్నొక్క మాట అడగొద్దా?" బాపు ఆమెకు కుర్చీ వేసి, తాను లోపలికి వెళ్లిపోయాడు.

అభ్యంతరాల గడువు అప్పటికే దాటింది. అయినా డీటీసీపీకి నేరుగా రాయొచ్చని, ప్రభుత్వం తుది ఉత్తర్వు ఇచ్చేదాకా ఫైలులో కాగితం చేర్చవచ్చని టౌన్ ప్లానింగ్ ఆఫీసరే చెప్పాడు. వంపు దగ్గర రోడ్డును కొన్ని అడుగులు అవతలికి, రాళ్లగుట్ట వైపుకు తిప్పితే ఆమెకు పోయేది సగానికి తగ్గుతుంది. ఆ స్కెచ్ కోసం మళ్లీ అదే సర్వేయరును పిలిచాం. ఖర్చు బాపు పెట్టుకున్నాడు. అర్జీ రిజిస్టర్ పోస్టులో పంపించి, రసీదు ఆమెకిచ్చాను.

2025 జనవరిలో కౌన్సిళ్ల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. కమిషనర్ బదిలీ అయ్యాడు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు కూడా. ఫైలు హైదరాబాద్‌లో ఉందంటున్నారు. ఇంటి పర్మిషన్ అడిగినవాళ్లను ప్లాను తేలేదాకా ఆగమంటున్నారు. చిన్నాయన ఇప్పుడు ఆ ఇరవై గుంటల్లో కోళ్ల ఫారం పెట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు. అది ఏ జోను కిందికి వస్తుందో కొత్త ఆఫీసరును కలిసి కనుక్కోవాలి.